రాయకముందే కొట్టేసే చెయ్యి

కలం సాగడం లేదని బాధపడేవాళ్ళ మాటలు కాస్త శ్రద్ధగా వింటే ఒక వింత కనిపిస్తుంది. తాము ఎందుకు రాయలేకపోతున్నదీ వాళ్ళు చాలా బాగా చెబుతారు. కథ ఏ మలుపు దగ్గర ఆగిందో, అప్పటినుంచి మనసు ఎలా ఉందో, పాత రచనలు తిరగేస్తే ఇప్పుడు ఏమనిపిస్తోందో మిత్రులకు పేజీలకు పేజీలు రాసి వివరిస్తారు. ఆ ఉత్తరాల్లో మాటలకు కరువు ఉండదు, మధ్యమధ్య చమత్కారం కూడా తొంగిచూస్తుంది. ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ 1804 అక్టోబరులో, తన ముప్పై రెండో పుట్టినరోజు వేళ, ఏడాది గడిచిపోయినా నెల రోజుల ఫలితమైనా చేతికి రాలేదని, తానేమీ చేయలేదని నోటు పుస్తకంలో ఎంతో దుఃఖంతో రాసుకున్నాడు. ఆ నోటు పుస్తకాలు ఆయన పోయిన తరువాత అచ్చయ్యాయి. వాటిలోని వచనాన్ని ఆయన కవిత్వం సరసన నిలబెట్టి మెచ్చుకునేవాళ్ళు ఇవాళ ఉన్నారు. రాయలేకపోతున్నానని రాసిన పేజీ కూడా రాసిన పేజీయే కదా!

రైటర్స్ బ్లాక్ అని మనమందరం పిలుచుకునే స్థితి గురించి నేను వాదించదలచుకున్నది అక్కడినుంచే మొదలవుతుంది. ఆ స్థితిలో మాట ఎండిపోదు, ఊహ ఎండిపోదు, చాలాసార్లు ఓపిక కూడా అయిపోదు. తీర్పు చెప్పే మనసు రాసే మనసు కంటే ముందు వచ్చి కూర్చుని, వాక్యం కాగితం మీద పడకముందే దాన్ని కొట్టేస్తుంది. దానికి అంత తొందర దేనికంటే, భయం. ఆ భయం పోయాక రాద్దామనుకునేవాళ్ళు ఎదురుచూస్తూనే ఉంటారు. భయం ఉండగానే రాయడానికి వీలైన ఏర్పాట్లు చేసుకోవడం తప్ప వేరే దారి నాకు కనబడలేదు.

ఈ విషయంలో నాకు గిట్టని వాదన ఒకటి ఉంది. బ్లాక్ అనేదే లేదు, అదంతా సోమరితనానికి తొడిగిన ముసుగు, వడ్రంగికి ఏనాడైనా బ్లాక్ వచ్చిందా అని కొందరు గడుసుగా అడుగుతారు. వడ్రంగికి కుర్చీ ఎలా ఉంటుందో చెక్క ముట్టుకోకముందే తెలుసు. రాసేవాడికి తన వ్యాసం ఏమిటో సగం రాస్తేగాని తెలియదు. పైగా సోమరికి రాయకపోవడం సుఖంగా ఉంటుంది, బ్లాకులో ఉన్నవాడికి అది నరకంగా ఉంటుంది. రాయని రోజున అతను ఇంకే పనీ మనస్ఫూర్తిగా చేయలేడు, విశ్రాంతి కూడా తీసుకోలేడు. ఈ స్థితికి 1947లో ఆ ఇంగ్లిష్ పేరు పెట్టిన మనోవిశ్లేషకుడు ఎడ్మండ్ బెర్గ్లర్ కారణాల కోసం వెతుక్కుంటూ రచయిత శైశవం దాకా, తల్లిపాల దగ్గర కలిగిన నిరాశ దాకా వెళ్ళిపోయాడు. ఆ సిద్ధాంతం నాకు మింగుడుపడదు. అయితే రచయిత సోమరి కాబట్టి రాయడం లేదనీ, సరుకు అయిపోయింది కాబట్టి రాయడం లేదనీ చెప్పే తేలిక సమాధానాలను ఆయన మొదటే తోసిపుచ్చాడు. అంతవరకు ఆయనకు నమస్కారం.

కొట్టేసే చెయ్యి ఎలా పనిచేస్తుందో ఒక వాక్యం విషయంలో దగ్గరగా చూద్దాం. మా అమ్మమ్మ గురించి ఒక వ్యాసం రాయాలని కూర్చున్నప్పుడు నేను మొదట రాసింది, ‘అమ్మమ్మ చేతులు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండేవి’ అని. రాసిన మరుక్షణం లోపలినుంచి ఒక గొంతు, ముసలివాళ్ళ గురించి రాసే ప్రతివాడూ చేతులతోనే మొదలుపెడతాడని అన్నది. వాక్యం పోయింది. ‘అమ్మమ్మ పని లేకుండా కూర్చోవడం నేను చూడలేదు’ అన్నాను. అది అబద్ధం, సాయంత్రాలు గుమ్మంలో గంటల తరబడి ఊరికే కూర్చునేది కదా అన్నది ఆ గొంతు. ఆ వాక్యమూ పోయింది. ‘అమ్మమ్మ గురించి రాయడం అంత తేలిక కాదు’ అన్నాను. ఇలా మొదలయ్యే వ్యాసాన్ని నువ్వే రెండో వాక్యం దగ్గర వదిలేస్తావు అన్నది. కర్సర్ మళ్ళీ పేజీ మొదటికి వచ్చి నిలబడింది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ గొంతు చెప్పిన అభ్యంతరాల్లో ఒక్కటీ తప్పు కాదు. విడివిడిగా చూస్తే ప్రతిదీ మంచి సంపాదకుడు చెప్పదగిన మాటే. రెండో అభ్యంతరమైతే మరీ విలువైనది. ఎప్పుడూ పనిలో ఉండే మనిషిగా అందరూ చెప్పుకునే అమ్మమ్మ సాయంత్రం పూట గుమ్మంలో ఊరికే ఎందుకు కూర్చునేది, వీధిలోకి చూస్తూ ఏం ఆలోచించేది అన్న ప్రశ్నలో అసలు వ్యాసం ఉంది. ఆ ప్రశ్నను నాకు అందించింది కొట్టేసే చెయ్యే. కాని అది ఆ మాటను ఇలా రాయి అని అందించలేదు, ఇది రాయకు అని అందించింది. అందువల్ల వాక్యంతో పాటు దాని వెనకాల ఉన్న గుమ్మం కూడా చెరిగిపోయింది. విమర్శ చేసే బుద్ధిని శత్రువని తిట్టే సలహాలు నాకు అందుకే నచ్చవు. ఆ బుద్ధికి సరుకు తెలుసు. దానికి తెలియనిదల్లా తన వంతు ఎప్పుడు వస్తుందో ఒక్కటే.

ఈ సంగతిని కాస్త శాస్త్రీయంగా పరిశీలించినవాడు మైక్ రోజ్ అనే అమెరికా అధ్యాపకుడు. 1980లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆయన పదిమంది విద్యార్థులను తీసుకున్నాడు. అందులో అయిదుగురు రాయడానికి కూర్చుంటే ముందుకు సాగలేనివాళ్ళు, అయిదుగురు ఆ ఇబ్బంది లేనివాళ్ళు. తెలివితేటల్లోనో భాషలోనో తేడా ఉందని ఆయన తేల్చలేదు. సాగలేనివాళ్ళు కొన్ని నియమాలను తిరుగులేనివిగా పట్టుకుని కూర్చున్నారు. మొదటి పేరా పాఠకుణ్ణి కట్టిపడేసి తీరాలి, అది కుదిరేదాకా రెండో పేరాకు వెళ్ళకూడదు అన్నట్టుగా ఉన్నాయి ఆ నియమాలు. సాఫీగా రాసేవాళ్ళకూ నియమాలు ఉన్నాయి గాని, కుదరనప్పుడు వాటిని పక్కన పెట్టడం వాళ్ళకు చేతనయింది. ఆ నియమాలన్నీ బడిలో మంచి ఉద్దేశంతో నేర్పినవే. మంచి సలహా అయినా ఎప్పుడు వర్తిస్తుందో చెప్పకుండా ఇస్తే అది కాలికి సంకెల అవుతుంది.

అయితే రోజ్ చెప్పినదానితో నా ప్రశ్న పూర్తిగా తీరలేదు. నియమాన్ని వదిలేయవచ్చని తెలిసిన తరువాత కూడా చెయ్యి ఎందుకు వదలదు? ఇక్కడినుంచి భయం గురించి మాట్లాడుకోవాలి. ఒకటే భయం అనుకుంటాం గాని, అందులో కనీసం మూడు వేరువేరు భయాలు కలిసిపోయి ఉంటాయని నా అనుభవం. వాటిని విడదీయకపోతే ఒకదానికి వేయవలసిన మందు మరొకదానికి వేస్తాం.

పైకి కనిపించేది పాఠకుల భయం. చదివి ఏమంటారో, నవ్వుతారేమో, తప్పులు పట్టుకుంటారేమో అన్నది. దీని గురించి అందరూ ఎక్కువగా మాట్లాడతారు, నా దృష్టిలో అన్నిటికంటే అల్పమైనది ఇదే. ఎందుకంటే ప్రచురించిన రచనకు సాధారణంగా ఎదురయ్యేది నిందకాదు, మౌనం. నాలుగైదుసార్లు ప్రచురిస్తే ఈ భయం తనంతట తానే అరిగిపోతుంది.

దాని కింద ఉన్నది కొలత భయం. రాయని పుస్తకం ఎప్పటికీ గొప్ప పుస్తకమే. మనసులో ఉన్న నవలకు బలహీనమైన అధ్యాయం ఉండదు, అతకని ముగింపు ఉండదు. దాన్ని కాగితం మీదికి దించిన రోజున మన ప్రతిభ ఎంతో తేలిపోతుంది, ఆ తరువాత ‘నేను తలచుకుంటే’ అనే మాట వాడుకోవడానికి ఉండదు. రాయకుండా ఉండటం ఆ మాటను కాపాడుతుంది. 1974లో డెనిస్ అప్పర్ అనే మనస్తత్వవేత్త, తన రైటర్స్ బ్లాకుకు తానే చేసుకున్న చికిత్స విఫలమైన వైనం గురించి ఒక శాస్త్రీయ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. శీర్షిక కింద వ్యాసం ఉండవలసిన చోటంతా ఖాళీ. దాన్ని పరిశీలించిన సమీక్షకుడు, నిమ్మరసంతోనూ ఎక్స్‌రేలతోనూ వెతికినా అందులో ఒక్క లోపమూ దొరకలేదని కితాబిచ్చాడు. హాస్యానికి చేసిన పనే గాని, కొలత భయంతో ఉన్నవాడు నిజంగా నమ్మేది కూడా అదే. లోపం లేని రాత ఒక్కటే ఉంది, అది ఖాళీ కాగితం.

ఒకసారి గెలిచినవాడికి ఈ భయం మరింత ముదురుతుంది. కొలత అప్పటికే ఒకసారి జరిగింది, ఇక తగ్గడానికే అవకాశం ఉంది. అమెరికా రచయిత రాల్ఫ్ ఎలిసన్ మొదటి నవల 1952లో వచ్చింది. రాగానే దాన్ని ఆ కాలపు గొప్ప నవలల్లో ఒకటిగా లెక్కించారు. రెండో నవల మీద ఆయన 1994లో చనిపోయేదాకా పనిచేస్తూనే ఉన్నాడు. వేలాది పుటల రాతప్రతులు మిగిలాయి, నవల మిగలలేదు. వాటిలోంచి ఏరి కూర్చిన పుస్తకాలు ఆయన పోయాక ఇతరులు తీసుకువచ్చారు. మధ్యలో 1967లో ఇల్లు తగలబడి రాతప్రతి కొంత పోయిన మాట నిజమే గాని, ఆ తరువాత ఇరవై ఏడేళ్ళు గడిచాయి. ఎలిసన్‌ను తలచుకున్నప్పుడల్లా నాకు తోచేది, బ్లాక్ అంటే ఖాళీ పేజీయే కానక్కరలేదని. రాస్తూ ఉండి కూడా ‘అయిపోయింది’ అనలేకపోవడం దాని ఇంకో రూపం. అయిపోయిందంటే కొలుస్తారు మరి.

అదే దేశంలో జోసెఫ్ మిచెల్ అనే పత్రికా రచయిత ఉండేవాడు. ప్రపంచపు మౌఖిక చరిత్రను లక్షల మాటల్లో రాస్తున్నానని ఊరంతా చెప్పుకు తిరిగిన ఒక మనిషి గురించి, ఆ చరిత్ర నిజానికి ఎక్కడా లేదన్న రహస్యం గురించి ఆయన 1964లో ఒక సుదీర్ఘ రచన ప్రచురించాడు. ఆ తరువాత 1996లో పోయేదాకా తన పత్రిక కార్యాలయానికి వస్తూపోతూనే ఉన్నాడు గాని, చెప్పుకోదగ్గ కొత్త రచన ఒక్కటీ అచ్చుకు ఇవ్వలేదు. లేని పుస్తకం గురించి రాసినవాడు లేని పుస్తకంలోకే వెళ్ళిపోయాడా అనిపిస్తుంది. మిచెల్ పాత వ్యాసాలు చదివినవాళ్ళకు తెలుస్తుంది, ఆయన వాక్యం ఎంత తేటగా ఉంటుందో. అంత తేటదనం సాధించినవాడికి తన తరువాతి వాక్యం మీద ఎంత కఠినంగా ఉండవలసి వచ్చిందో ఊహించుకోవచ్చు.

మూడోది అయినవాళ్ళ భయం. దీన్ని గురించి రచనా శిక్షణ పుస్తకాలు ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి దాటేస్తాయి, నాకేమో అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. విమర్శకుడు ఏమంటాడో అన్న భయంతో ఆగినవాళ్ళ కంటే, పెదనాన్న చదువుతాడేమో, వదిన తన గురించే అనుకుంటుందేమో, విడిపోయిన స్నేహితుడు గుర్తుపడతాడేమో అన్న భయంతో ఆగినవాళ్ళు ఎక్కువమంది ఉంటారు. వాళ్ళు పాత్ర పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు, వృత్తి మారుస్తారు, చివరికి జరిగినదాన్నే మార్చేస్తారు. మార్చిన తరువాత అందులో ప్రాణం లేదని గుర్తించి రాయడం మానేస్తారు. బయటికి మాత్రం ‘సబ్జెక్టు పట్టు దొరకడం లేదు’ అంటారు. పట్టు దొరకకపోవడం కాదు, పట్టు చాలా గట్టిగా దొరికింది, దాన్ని పైకి తీయడానికి చేతులు వణుకుతున్నాయి.

ఈ మూడో భయానికీ మిగతా రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. పాఠకుల భయం, కొలత భయం ఊహలో పెరిగినవి. అయినవాళ్ళ భయం ఊహ కాదు. రాసినదానివల్ల నిజంగా ఒకరి మనసు గాయపడవచ్చు, నిజంగా ఒక ఇంట్లో మాటలు ఆగిపోవచ్చు. దీనికి ‘ధైర్యంగా రాసేయండి’ అని సలహా ఇచ్చేవాళ్ళకు ఆ తెగిపోయే సంబంధంలో వాటా లేదు కాబట్టి వాళ్ళు ఎన్నయినా చెబుతారు. దీనికి ధైర్యం కంటే వేరే ఏర్పాటు కావాలి. దాని దగ్గరికి తరువాత వస్తాను.

భయం తన పేరు తాను చెప్పుకోదు. ఎక్కువగా అది సౌకర్యాల జాబితా రూపంలో వస్తుంది. మన సాహిత్యంలో ఆ జాబితాకు మకుటం లాంటిది అల్లసాని పెద్దన పేరు మీద చెప్పుకునే చాటుపద్యం. అలజడి లేని చోటు, ప్రియదూతిక తెచ్చి ఇచ్చే కర్పూర తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాల మంచం, ఒప్పు తప్పులు ఎరిగిన రసజ్ఞులు, కవి ఊహను అందుకోగల లేఖకులూ పాఠకులూ, ఇవన్నీ దొరికితే తప్ప ‘ఊరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే’ అని అడుగుతుంది ఆ పద్యం. చాటువు కనుక అందులో వేళాకోళం ఎంతో కొంత ఉండకపోదు. మన కాలంలో అదే జాబితా తలుపు వేసుకునే గది, కొత్త ల్యాప్‌టాప్, ఫోన్ మోగని ఉదయం, సెలవు అంటూ సాగుతుంది. అవి దొరికిన రోజున ఇంకొకటి వచ్చి చేరుతుంది.

నన్ను ఆ పద్యంలో ఎప్పుడూ ఆకట్టుకునేది తాంబూలమూ కాదు, ఉయ్యాల మంచమూ కాదు. ఒప్పు తప్పులు చూసే మనిషిని పెద్దన కావాలని అడుగుతున్నాడు! మనం ఎవరికి భయపడి కలం మూసేస్తున్నామో అతను లేకపోతే తనవల్ల కాదంటున్నాడు. తేడా ఎక్కడ ఉందంటే, పెద్దన అడిగిన రసజ్ఞుడు ఎదురుగా కూర్చున్న నిజమైన మనిషి. అతను పద్యం పూర్తిగా విని అప్పుడు నోరు విప్పుతాడు. తప్పు తెలిసినంతగా ఒప్పు కూడా తెలిసినవాడు, రసం తెలిసినవాడు. మన లోపలి తీర్పరికి తప్పు తప్ప మరేమీ తెలియదు, పైగా పద్యం మొదటి గణం దగ్గరే లేచి నిలబడతాడు. కాబట్టి విమర్శకుణ్ణి తప్పించుకోవాలని చూసేకంటే, లోపలివాణ్ణి వదిలి బయటివాణ్ణి ఒకణ్ణి సంపాదించుకోవడం మేలు. చిత్తుప్రతి చూపించడానికి అలాంటి మనిషి ఒక్కరు ఉన్నా చాలు, లోపలి తీర్పరి గొంతు చాలావరకు తగ్గుతుంది.

పోతన గురించి చెప్పుకునే కథ కూడా ఇక్కడ పనికివస్తుంది. ‘అల వైకుంఠపురంబులో’ అని పద్యం ఎత్తుకుని, తాను చూడని వైకుంఠాన్ని ఎలా వర్ణించడమో తోచక ఆయన గంటం పక్కనపెట్టి లేచి వెళ్ళాడని, ఆ సమయంలో రాముడే ఆయన రూపంలో వచ్చి పద్యం పూరించి వెళ్ళాడని కథ. దీన్ని సాధారణంగా భక్తి మహిమగా చెప్పుకుంటారు, అలా చెప్పుకోవడంలో నాకు పేచీ లేదు. రాసేవాడిగా నేను గమనించేది వేరు. తోచనప్పుడు పోతన లేచి వెళ్ళాడే తప్ప, రాసిన ఆ సగాన్ని చెరిపేసి వెళ్ళలేదు. తాటాకు మీద సగం పద్యం ఉంది కాబట్టే పూరించడానికి వచ్చినవాళ్ళకు పని దొరికింది. రాముడు వచ్చినా, మరునాటి ఉదయం తేటపడిన మన బుద్ధే వచ్చినా, ఖాళీ ఆకు మీద పూరించడానికి ఏమీ ఉండదు.

ఇంచుమించు ఇదే సంగతిని అమెరికా నవలాకారుడు హెమింగ్వే తనదైన పద్ధతిలో చెప్పేవాడు. తరువాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆ రోజుకు రాయడం ఆపేయాలని, అలా ఆపితే మరునాడు ఎక్కడా చిక్కుకోమని ఆయన సలహా. నేను దీన్ని పాటిస్తాను, కొన్నిసార్లు వాక్యం మధ్యలోనే లేస్తాను. మరునాడు కూర్చోగానే మొదట చేయవలసింది ఒక క్రియాపదం వేయడం మాత్రమే అవుతుంది. క్రియాపదం వేయడానికి ఎవరూ భయపడరు, అది వేసేసరికి తరువాతి వాక్యం తగులుతుంది.

ఇక స్ఫూర్తి సంగతి. స్ఫూర్తి వస్తేనే రాస్తాననే పక్షం మొదట చెప్పిన గడుసు పక్షం కంటే మర్యాదగా ఉంటుంది గాని, చేసే నష్టం తక్కువ కాదు. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథనీ ట్రాలప్ చాలా ఏళ్ళు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే ఉద్యోగానికి బయలుదేరకముందు, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. అలా 47 నవలలు రాశాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1883లో, ఆత్మకథ వెలువడి ఈ సంగతి బయటపడ్డాక విమర్శకుల దృష్టిలో ఆయన విలువ పడిపోయింది. నవలలు ఏమీ మారలేదు, అవి ఎలా పుట్టాయో తెలిసింది, అంతే. కళ ఆవేశం నుంచే పుట్టాలన్న మన కోరిక ఎంత బలమైనదో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆ కోరికకు ఆధారం ఉందా? రాబర్ట్ బాయిస్ అనే మనస్తత్వవేత్త 1983లో ప్రచురించిన ప్రయోగంలో, రాయడానికి అవస్థ పడుతున్న అధ్యాపకులను మూడు బృందాలు చేశాడు. ఒక బృందం అత్యవసరమైతే తప్ప రాయకూడదు. ఇంకో బృందం బుద్ధి పుట్టినప్పుడే రాయవచ్చు. మూడో బృందం బుద్ధి పుట్టినా పుట్టకపోయినా నిర్ణీత సమయానికి రాసి తీరాలి, రాయకపోతే తమకు ఏమాత్రం గిట్టని సంస్థకు తమ డబ్బు విరాళంగా వెళ్ళిపోతుంది. మూడో బృందం ఎక్కువ పేజీలు రాసిందంటే అందులో వింత లేదు. కొత్త ఆలోచనలు కూడా ఎక్కువగా తట్టింది వాళ్ళకే, బుద్ధి పుట్టేదాకా ఆగినవాళ్ళకు కాదు. ఆలోచన వచ్చి మనల్ని కూర్చోబెడుతుందనుకుంటాం. వేళకు కూర్చున్నవాళ్ళ దగ్గరికే ఆలోచన ఎక్కువగా వచ్చిందని ఆ ప్రయోగం చెబుతోంది.

అయినా వేళకు కూర్చోవడం ఒక్కటే సరిపోతుందని నేను అనను. భయంతో వేళకు కూర్చున్నవాడు వేళకు కొట్టేస్తూ ఉంటాడు. కూర్చున్నాక ఎవరితో మాట్లాడుతున్నామన్నది కూడా తేల్చుకోవాలి. నాకు తెలిసినంతలో దీనికి అన్నిటికంటే చక్కని ఏర్పాటు అమెరికా నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్‌ది. 1951లో ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’ నవల రాస్తున్నప్పుడు ఆయన ఒక పెద్ద నోటు పుస్తకంలో ఎడమవైపు పేజీలో తన సంపాదకుడు, స్నేహితుడు అయిన పాస్కల్ కోవిచీకి ఉత్తరం రాసేవాడు, కుడివైపు పేజీలో నవల రాసేవాడు. నిద్ర ఎలా పట్టిందో, ఇవాళ ఏ ఘట్టం రాయాలనుకుంటున్నాడో, దేనికి బెరుకుగా ఉందో ఎడమవైపు చెప్పుకుని, చెయ్యి వేడెక్కాక కుడివైపుకు వెళ్ళేవాడు. ఆ ఉత్తరాలు ఆయన పోయాక విడిగా పుస్తకంగా వచ్చాయి.

రాయలేనివాళ్ళ ఉత్తరాలు ఎందుకంత ధారగా సాగుతాయన్న ప్రశ్నకు ఆ నోటు పుస్తకంలో సమాధానం ఉంది. ఉత్తరంలో ఎదుటిమనిషి ఎవరో తెలుసు. అతనికి మన మీద ఉన్న ఇష్టం ఈ ఒక్క వాక్యంతో పెరగదు, తరగదు. వ్యాసంలో ఎదుట ఎవరూ లేరు కాబట్టి అందరూ ఉంటారు. చదివినవాళ్ళూ, చదవబోయేవాళ్ళూ, చచ్చిపోయిన మహాకవులూ కలిసి ఆ ఖాళీలో కూర్చుంటారు. అంత సభకు పనికివచ్చే వాక్యం ఎవరికీ తట్టదు. మొదటి ప్రతిని ఒక మనిషికి చెబుతున్నట్టు రాసి, సభ సంగతి రెండో ప్రతిలో చూసుకోవచ్చు. రెండో ప్రతిలో నేను ఎంత కఠినంగానైనా ఉంటాను. మూడు పేజీలు కొట్టేసి ఒకటి ఉంచుకున్న రోజులు ఉన్నాయి. అప్పుడు కొట్టేయడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉంటుంది, కొట్టేసినదానిలో గుమ్మం లాంటిది ఏదైనా ఉంటే కంటికి కనిపిస్తుంది.

మొదటి ప్రతి కాగితం మీద రాయాలా, కంప్యూటర్లో రాయాలా అన్నది ఎవరి అలవాటు వాళ్ళది. అయితే కాగితం మీద గీత కొట్టిన వాక్యం గీత కింద బతికే ఉంటుంది, కంప్యూటర్లో చెరిపినది మాయమవుతుంది. కొట్టేసే జబ్బు ఉన్నవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు. నేను కంప్యూటర్లోనే రాస్తాను గాని, మొదటి ప్రతిలో ఏదీ చెరపను. నచ్చని వాక్యం కింద ఇంకో వాక్యం రాసుకుంటూ పోతాను. ఒకే మాటను నాలుగు రకాలుగా చెప్పిన ఆ ప్రతి చూడటానికి అసహ్యంగా ఉంటుంది. ఎవరికీ చూపించను కాబట్టి దాని అందం గురించి బెంగలేదు.

అన్ని ఆగిపోవడాలూ భయం వల్ల రావని కూడా చెప్పాలి. కొన్నిసార్లు విషయం నిజంగానే తెలియకపోవడం వల్ల ఆగుతాం. అలాంటప్పుడు కుర్చీలో కూర్చుని పళ్ళు బిగించడం దండగ, లేచి వెళ్ళి చదవాలి, తెలిసినవాళ్ళను అడగాలి. దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఏం రాయాలో ఒక స్నేహితుడికి నోటితో చెప్పి చూడండి. నోటితో ధారాళంగా చెప్పగలిగి చేత్తో రాయలేకపోతే అది భయం. నోటితోనూ చెప్పలేకపోతే ఇంకా తెలుసుకోవలసింది ఉంది. ఇక రాయడం మీదే కాక తిండి మీద, నిద్ర మీద, మనుషుల మీద కూడా ఆసక్తి పోయి వారాలు గడుస్తుంటే అది రచనకు సంబంధించిన సమస్యే కాదు. దాన్ని బ్లాక్ అనుకుని ఊరుకోకుండా వైద్యుణ్ణి కలవడం అవసరం.

ఇప్పుడు అయినవాళ్ళ భయం దగ్గరికి వస్తాను. ఒక మిత్రుడికి ఉత్తరంలా రాసినా ఇది తగ్గదు, ఎందుకంటే ఆ మిత్రుడికి మా పెదనాన్న కూడా తెలుసు. ఇక్కడ నాకు ఉపయోగపడింది రెండు నిర్ణయాలను విడదీయడం. రాయడం ఒక నిర్ణయం, ప్రచురించడం మరో నిర్ణయం. రెండింటినీ ఒకే రోజున, ఒకే కుర్చీలో తీసుకోబోతే మొదటిది కూడా జరగదు. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ దాదాపు 1800 కవితలు రాసింది. 1886లో ఆమె చనిపోయేనాటికి అచ్చయినవి పట్టుమని డజను లేవు. అచ్చు వేయించకపోవడానికి ఆమెకు ఏ కారణాలున్నా, అవి రాయడానికి అడ్డురాలేదు. బ్లాగులు వచ్చాక మనకు ఈ రెండు పనుల మధ్య దూరం పూర్తిగా చెరిగిపోయింది. రాసిన పెట్టెలోనే ప్రచురించే మీట ఉంటుంది, మొదటి వాక్యం టైపు చేస్తున్నప్పుడే దాని మీద కన్ను పడుతుంది. అందుకే నేను ఆ పెట్టెలో రాయడం మానేశాను. వేరే ఫైలులో రాసి, ఒప్పు తప్పులు చెప్పే ఒక మనిషికి చూపించి, కొంతకాలం పక్కన పెట్టి, ప్రచురించాలా వద్దా అన్నది అప్పుడు చూసుకుంటాను.

ఇది పిరికితనం కాదా అని ఒక స్నేహితుడు అడిగాడు. ప్రచురించని రాత రాత ఎలా అవుతుంది, పాఠకుడు లేకపోతే నువ్వు జవాబు చెప్పవలసింది ఎవరికి అన్నాడు. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. అన్నీ దాచుకుంటూ పోతే కొలత భయమే ఈ ఏర్పాటును తొడుక్కుని తిరిగి వస్తుంది, నిజంగా వస్తుంది. కాబట్టి దాచుకున్న ప్రతిదానికీ కారణం ఒక మనిషి పేరుగా చెప్పగలగాలని నాకు నేను షరతు పెట్టుకున్నాను. ‘ఇంకా బాగా రావాలి’ అన్నది కారణంగా చెల్లదు, ‘ఫలానా ఆమె నొచ్చుకుంటుంది’ అన్నది చెల్లుతుంది. ఆ లెక్కన నా దగ్గర దాచుకున్నవి పెద్దగా లేవు. మా ఇంటి పెద్దల్లో ఒకరి గురించి రాసినది మాత్రం పూర్తయి ఉంది, ఆయన ఉండగా అది బయటికి రాదు. కాని అది రాసి ముగించేదాకా దానికి అటూ ఇటూ ఉన్న విషయాల మీద ఏ వ్యాసం మొదలుపెట్టినా, ఎక్కడో ఒకచోట ఆయన ఎదురై ఆగిపోయేది. ఇప్పుడు ఆగడం లేదు. వాటిలో రెండు ప్రచురించాను కూడా, ఆయనే చదివి రెండోదానిలో ఒక సంవత్సరం తప్పు పడిందని ఫోన్ చేసి చెప్పారు.